11 సీజన్లు, 10 టైటిళ్లు: శాన్ డియాగో సాకర్స్ చరిత్ర, మన టర్ఫ్ ఆట

హన్మకొండ, కాజీపేట వైపు టర్ఫుల్లో రాత్రి స్లాట్ పట్టి ఫుట్‌బాల్ ఆడే జట్లను గమనిస్తే ఒక సంగతి వెంటనే కనబడుతుంది. బాగా ఆడే ఇద్దరు గంటసేపూ బయటికి రారు. మిగతావాళ్లే ఒకరి తర్వాత ఒకరు మారుతుంటారు. 40 నిమిషాలు దాటేసరికి ఆ ఇద్దరి కాళ్లు బరువెక్కుతాయి, చివరి పావుగంటలో వరసగా గోల్స్ పడతాయి, తిట్లు మాత్రం కీపర్ తింటాడు. చిన్న మైదానంలో ఈ పద్ధతి ఎందుకు పనికిరాదో శాన్ డియాగో సాకర్స్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. అమెరికా ఇండోర్ ఫుట్‌బాల్‌లో 1981–82 నుంచి 1991–92 వరకు 11 సీజన్లలో ఈ జట్టు 10 టైటిళ్లు గెలిచింది. గెలిపించింది దాని బెంచీ, అంటే బయట కూర్చుని వంతు కోసం చూసే మార్పు ఆటగాళ్లు అని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు ఆట సంగతి. ఐస్ హాకీ ఆడే రింక్ మీద కృత్రిమ పచ్చిక పరిచి ఆడతారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టూ హాకీ బోర్డులు, వాటి పైన గట్టి పారదర్శక పలకలు. కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. బంతి గోడకు తగిలినా ఆట ఆగదు, త్రో-ఇన్ అనేదే లేదు. ఆఫ్‌సైడ్ లేదు. దాని బదులు మూడు గీతల నియమం ఉంది: బంతిని సొంత వైపు నుంచి ముందుకు గాల్లో కొట్టినప్పుడు అది ఏ ఆటగాడికీ, గోడకీ తగలకుండా రెండు ఎర్ర గీతలూ మధ్య గీతా దాటిపోతే ఎదుటి జట్టుకు ఫ్రీకిక్. ఈ ఒక్క నియమం వల్లే కీపర్ ఊరికే దూరంగా తన్నేయడం కుదరదు, బంతిని కాళ్ల మీదే పైకి తీసుకెళ్లాలి. పెద్ద తప్పు చేస్తే నీలం కార్డు, 2 నిమిషాలు బయట కూర్చోవాలి, అంతసేపూ జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. ఆటగాళ్లను ఎన్నిసార్లైనా, ఆట నడుస్తుండగానే మార్చుకోవచ్చు. ఈ చివరి వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం.

మనకు తెలిసిన ఫుట్‌సాల్ దీనికి దాయాది ఆటే కానీ ఒకటి కాదు. ఫుట్‌సాల్ 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని మొదలుపెట్టినది. దానికి గోడలుండవు, గీతలే హద్దు. తక్కువ ఎగిరే నాలుగో సైజు బంతి, 40 మీటర్ల పొడవు 20 మీటర్ల వెడల్పు కోర్టు, కీపర్‌తో కలిపి ఐదుగురు. 2017లో మన దేశంలో జరిగిన ప్రీమియర్ ఫుట్‌సాల్‌లో తెలుగు టైగర్స్ ఆడింది ఈ ఆటే. మన టర్ఫులు రెండింటికీ మధ్యలో ఉంటాయి. హద్దు దగ్గర నెట్ ఉంటుంది, అది బంతిని ఆపుతుందే తప్ప తిరిగి ఇవ్వదు. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

గోడల మధ్య ఆటకు అమెరికాలో జనం వస్తారని తేలింది 1974 ఫిబ్రవరిలో. ఫిలడెల్ఫియాలోని స్పెక్ట్రమ్ అరీనాలో మాస్కో రెడ్ ఆర్మీ జట్టు, ఫిలడెల్ఫియా ఆటమ్స్‌తో ఇండోర్ మ్యాచ్ ఆడి 6–3తో గెలిచింది. అది చూసిన ఎడ్ టెపర్, తర్వాత ఎర్ల్ ఫోర్‌మన్‌తో కలిసి మేజర్ ఇండోర్ సాకర్ లీగ్‌ను కట్టాడు. 1978 డిసెంబర్‌లో ఆరు జట్లతో లీగ్ మొదలైంది. మొదటి నాలుగు టైటిళ్లూ న్యూయార్క్ ఆరోస్‌వే. ఆ జట్టు ప్రాణం స్టీవ్ జుంగుల్, యుగొస్లావియాలోని హైదుక్ స్ప్లిట్ నుంచి వచ్చిన స్ట్రైకర్. అతను స్వదేశానికి తిరిగి వెళ్లకపోవడంతో అవుట్‌డోర్ ఆడకుండా నిషేధం పడింది, ఆ రోజుల్లో అతనికి మిగిలిన దారి ఇండోరే. దగ్గర నుంచి తన్నే షాట్లలో, గోడ నుంచి తిరిగొచ్చే బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేయడంలో అతనికి సాటి లేరు.

సాకర్స్ మొదట ఇండోర్ జట్టే కాదు. 1974లో బాల్టిమోర్ కామెట్స్‌గా పుట్టి, 1976లో శాన్ డియాగో జాస్ అయి, 1977లో లాస్ వేగస్ క్విక్‌సిల్వర్స్‌గా మారి (పోర్చుగల్ దిగ్గజం యుసేబియో ఆ ఏడాది ఆడింది ఆ జట్టుకే), 1978లో మళ్లీ శాన్ డియాగో చేరి సాకర్స్ అనే పేరు పెట్టుకుంది. నార్త్ అమెరికన్ సాకర్ లీగ్‌లో ఎండాకాలం అవుట్‌డోర్ ఆట. మెక్సికో కుర్రాడు హూగో సాంచెజ్ కూడా 1979, 1980లో ఇక్కడ ఆడి వెళ్లాడు. అయినా అవుట్‌డోర్‌లో ఈ జట్టు ఒక్కసారీ ఛాంపియన్ కాలేదు.

1980లో కోచ్‌గా రాన్ న్యూమన్ వచ్చాడు. ఇంగ్లండ్‌లోని ఫేర్‌మ్‌లో పుట్టిన మనిషి. అంతకుముందు డాలస్ టొర్నాడోను 1971లో ఛాంపియన్ చేశాడు, ఫోర్ట్ లాడర్‌డేల్ స్ట్రైకర్స్‌ను నడిపాడు. అదే చలికాలం సాకర్స్ ఇండోర్‌లో అడుగుపెట్టింది. 1981–82లో టాంపా బే రౌడీస్‌ను ఓడించి తొలి ఇండోర్ టైటిల్ గెలిచింది. తర్వాతి చలికాలం నార్త్ అమెరికన్ లీగ్ ఇండోర్ సీజన్ పెట్టకపోవడంతో మేజర్ ఇండోర్ లీగ్‌లోకి వెళ్లి, ఫైనల్లో బాల్టిమోర్ బ్లాస్ట్‌ను 3–2 మ్యాచ్‌ల తేడాతో ఓడించి అక్కడా గెలిచింది. 1983–84లో తిరిగి సొంత లీగ్‌కు వచ్చి న్యూయార్క్ కాస్మోస్‌ను ఓడించింది. పాత లీగ్ మూతపడ్డాక పూర్తిగా ఇండోర్ జట్టైపోయి 1985, 1986లో వరసగా నెగ్గింది. 1986 ఫైనల్లో మినెసోటా స్ట్రైకర్స్ మీద 1–3తో వెనకబడి, మిగతా మూడు మ్యాచ్‌లూ గెలిచి 4–3తో కప్ పట్టింది. 1987 ఒక్కటే చేజారింది, ఆ ఏడాది కప్ డాలస్ సైడ్‌కిక్స్‌ది. ఆ తర్వాత 1988 నుంచి 1992 వరకు ఐదుకు ఐదు: క్లీవ్‌లండ్ ఫోర్స్, రెండుసార్లు బాల్టిమోర్, క్లీవ్‌లండ్ క్రంచ్, చివరగా డాలస్.

ఇక్కడ ఆరోస్‌తో పోల్చి చూడాలి. 1983లో జుంగుల్ వెళ్లిపోయాక ఆరోస్ మళ్లీ లేవలేదు, 1984లో జట్టే మూతపడింది. అదే జుంగుల్ తర్వాత సాకర్స్‌కు వచ్చాడు, 1985లో టైటిల్ గెలిపించాడు, 1986లో టకోమా జట్టుకు వెళ్లిపోయాడు. సాకర్స్ మాత్రం అతను పోయాక కూడా కప్పులు తెస్తూనే ఉంది. 1974 ప్రపంచకప్‌లో పోలండ్‌కు కెప్టెన్‌గా మూడో స్థానం తెచ్చిన కాజిమియేజ్ డేనా 1981 నుంచి 1987 దాకా ఇక్కడ ఆడాడు, తర్వాత రిటైరయ్యాడు. (1989 సెప్టెంబర్‌లో శాన్ డియాగోలోనే కారు ప్రమాదంలో చనిపోయాడు. ఇంత గొప్ప మిడ్‌ఫీల్డర్ గురించి మన దగ్గర మాట్లాడుకునేవాళ్లు తక్కువ, బాధేస్తుంది.) హంగరీలో పుట్టిన జూలీ వీ, కెనడా ఆటగాడు బ్రాంకో షెగోటా, బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన బ్రయాన్ క్విన్, డిఫెండర్ కెవిన్ క్రో, ఫెర్నాండో క్లావిహో, కీపర్ జోల్టాన్ టోత్. పేర్లు మారుతూ వచ్చాయి. మారనిది న్యూమన్ ఒక్కడే. ఏ ఒక్కరు లేకపోయినా ఆగని జట్టును తయారుచేయడం కోచ్ పని, ఆ పని అతను చేశాడు.

ఇప్పుడు బెంచీ లెక్క. నిండు వేగంతో పరుగెత్తి, ఆగి, మళ్లీ తిరిగి పరుగెత్తే ఆటలో మనిషి పూర్తి శక్తితో ఉండేది నిమిషం నుంచి రెండు నిమిషాలే. ఆ తర్వాత కూడా బంతి కాలికి వచ్చినప్పుడు బాగానే ఆడతాడు. కానీ మొదట ఆగిపోయేది బంతి పోయాక వెనక్కి పరుగెత్తడమే. చిన్న మైదానంలో బంతి పోయిన నాలుగైదు సెకన్లలో గోల్ పడుతుంది కాబట్టి, ఆ ఒక్క పరుగు తగ్గితే చాలు. అందుకే ఇండోర్ జట్లు హాకీ జట్లలాగా గుంపులుగా మారతాయి. ఐదుగురు మైదానంలో, మరో ఐదుగురు బెంచీ మీద. అలసిపోయాక కాదు, అలసిపోకముందే బయటికి రావాలి.

ఎప్పుడు మారాలన్నది ఎంతసేపటికి మారాలన్నంత ముఖ్యం. బంతి మన కాళ్ల దగ్గర, ఎదుటి సగంలో, వీలైతే మన బెంచీకి దూరంగా ఉన్న మూలలో ఉన్నప్పుడు మారాలి. ముందు ఇద్దరు, తర్వాత ఇద్దరు, అందరి చివర డిఫెండర్. బంతి మధ్యగీత దగ్గర చేతులు మారుతున్నప్పుడు మారితే ముగ్గురు బెంచీ వైపు నడుస్తుంటారు, ఎదుటివాళ్లు ముగ్గురు మన గోల్ వైపు పరుగెత్తుతుంటారు. రెండో తప్పు, బయటికొచ్చేవాడు బెంచీ చేరకముందే లోపలికి దూకడం. లీగుల్లో దానికి 2 నిమిషాల శిక్ష. దీన్ని ఆపడానికి ఒకటే పద్ధతి: ప్రతి ఒక్కరికీ జంట ఉండాలి. నువ్వు ఎవరి బదులు వెళ్తావో ఆట మొదలయ్యేముందే తెలిసుండాలి, వాడి పేరు పిలిచి, వాడి చేయి తాకి, అప్పుడు లోపలికి పోవాలి.

మన టర్ఫ్‌లో ఆరుగురి ఆటకు 11 మంది దొరకడం కష్టం. ఐదుగురి ఆటైతే 9 మంది చాలు: ఒక కీపర్, నలుగురి జట్లు రెండు. గంట స్లాట్‌ను 12 నిమిషాల నాలుగు క్వార్టర్లుగా కోసి, మధ్యలో 3 నిమిషాల చొప్పున మూడు విరామాలిస్తే 57 నిమిషాలు. మిగిలిన 3 నిమిషాలు జట్లు మారడానికి. ఒక్కో క్వార్టర్‌లో ఒక్కో నలుగురు మూడుసార్లు, 2 నిమిషాల చొప్పున దిగుతారు. గోడ గడియారమో, ఫోన్‌లో టైమరో పట్టుకొని పిలవడానికి బయట ఒక మనిషి ఉండాలి. ఆడేవాళ్లకే వదిలేస్తే ఎవరూ బయటికి రారు. ఇద్దరు మంచి ఆటగాళ్లుంటే ఇద్దరినీ ఒకే నలుగురిలో పెట్టొద్దు. చెరొకదాంట్లో పెడితే ఎదుటి జట్టుకు ఊపిరి తీసుకునే 2 నిమిషాలు దొరకవు.

తర్వాత గోడ. గోడకు కొట్టిన బంతి ఏ కోణంలో వెళ్తే దాదాపు అదే కోణంలో తిరిగొస్తుంది, కానీ ఆ దాదాపులోనే ఆటంతా ఉంది. బంతి తిరుగుతూ తగిలితే కోణం మారుతుంది. బోర్డు వదులుగా ఉంటే బంతి చచ్చిపోతుంది. పాదం లోపలి భాగంతో, నేల మీద, తిప్పకుండా కొట్టినప్పుడే నమ్మకంగా తిరిగొస్తుంది. డిఫెండర్ ఎదురుగా ఉంటే బంతిని అతని పక్కనున్న గోడకు కొట్టి, అతని రెండో వైపు నుంచి పరుగెత్తి అందుకోవడం అందరూ మొదట నేర్చుకునేది. అంతకన్నా విలువైనది గోల్ పక్కనున్న వెనక గోడ. పోస్టుకు అడుగున్నర బయటగా గట్టిగా కొడితే బంతి తిరిగి గోల్ ముందుకే వస్తుంది. కీపర్ అప్పటికే ఆ వైపు దూకి ఉంటాడు, రెండో మనిషి ఖాళీ గోల్‌లోకి తోస్తాడు. కొత్త జట్లు దీనికి దొరికిపోయేది షాట్ తప్పిందని ఆగిపోవడం వల్ల. డిఫెండర్ షాట్ కొట్టేవాడిని చూడడం మానేసి, గోల్ ముందు నిలబడ్డవాడి మీదికి ఒరగాలి. కీపర్ తప్పిన షాట్‌కు కూడా పోస్టు పట్టుకొనే ఉండాలి.

శిక్ష పడ్డ 2 నిమిషాల గురించి కూడా. కీపర్ కాక నలుగురే మిగిలినప్పుడు చతురస్రంగా, ఒకరికొకరు నాలుగైదు అడుగులు జరిగేంత దూరంలో, గోల్‌కు దగ్గరగా నిలబడాలి. బంతి మూలకు పోతే ఎవరూ వెంటపడొద్దు, మూల నుంచి ఎవడూ నేరుగా గోల్ కొట్టలేడు. ఒక్కడు కదిలినా చతురస్రం విరిగి మధ్యలో దారి తెరుచుకుంటుంది. బంతి దొరికితే గోడ వెంట ఎదుటి మూలకు పంపాలి, సెకన్లు కరగాలి. ఎక్కువమంది ఉన్న జట్టు పైన ఒకరిని, రెండు పక్కలా ఇద్దరిని, గోల్ ముందు ఒకరిని, వెనక గోడ దగ్గర ఒకరిని నిలిపి బంతిని త్వరగా తిప్పాలి, రెండు తాకిళ్లకు మించి పట్టుకోకూడదు. గోల్ పడితే శిక్ష అక్కడితో ముగుస్తుంది. ఓడిపోతున్న జట్టు చివరి నిమిషాల్లో కీపర్‌ను తీసేసి, కీపర్ రంగు చొక్కా వేసిన ఆరో అటాకర్‌ను దింపడం కూడా ఈ లెక్కే. ఖాళీ గోల్ వెనక ఉందన్న భయంతో వెనక్కి పాస్‌లు ఇచ్చే జట్టుకు దానివల్ల లాభం లేదు.

ఇంత గెలిచినా సాకర్స్‌ను లీగ్ కాపాడలేదు. 1991–92 నాటికి లీగ్‌లో మిగిలినవి ఏడు జట్లే, దేశం ఒక చివర నుంచి ఇంకో చివరకు విమాన ప్రయాణాలు, అద్దెకు తీసుకున్న అరీనాలు. 1992 జూలైలో లీగ్ మూతపడింది. సాకర్స్ వేసవిలో ఆడే కాంటినెంటల్ ఇండోర్ లీగ్‌లో చేరి 1996 దాకా నెట్టుకొచ్చి ఆగిపోయింది. 2001లో ఒకసారి తిరిగి లేచి, 2004 డిసెంబర్ చివర్లో సీజన్ మధ్యలోనే మళ్లీ మూతపడింది. మూడోసారి 2009లో పుట్టిన జట్టు నిలబడింది. తొలి నాలుగు సీజన్లూ, 2010 నుంచి 2013 వరకు, టైటిళ్లు దానివే. ఆ కాలంలోనే వరసగా 48 మ్యాచ్‌లు గెలిచింది. కోచ్ ఫిల్ సాల్వాజియో, గోల్స్ కొట్టింది ఎక్కువగా క్రెయిగ్ చైల్స్. 2021, 2022లో మేజర్ అరీనా సాకర్ లీగ్ కప్ కూడా గెలిచింది. ఆ కప్ పేరు రాన్ న్యూమన్ కప్. న్యూమన్ 2018లో చనిపోయాడు. 2024 నుంచి జట్టు ఓషన్‌సైడ్‌లోని ఫ్రంట్‌వేవ్ అరీనాలో ఆడుతోంది.

ఇక మన టర్ఫుల్లో గోడ ఆట కావాలనుకునేవాళ్లకు. 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు టర్ఫ్ చుట్టుకొలత 320 అడుగులు. ప్లైవుడ్ షీట్ 8 అడుగులు, 4 అడుగులు. షీట్‌ను పొడవునా రెండుగా కోస్తే 2 అడుగుల ఎత్తు బోర్డులు రెండు వస్తాయి, కాబట్టి 20 షీట్లు చాలు (గోల్స్, గేటు దగ్గర మిగిలినవి మూలలకు వాడుకోవచ్చు). 2 అడుగుల ఎత్తు నేల పాస్‌లకు సరిపోతుంది. పైకి లేచిన బంతిని నెట్ ఆపుతుంది. 18 మిల్లీమీటర్ల మందం, నీళ్లకు తట్టుకునే రకమే తీసుకోవాలి. మామూలు రకం ఒక్క వానాకాలంలో పొరలు విడిపోతుంది. కోసిన అంచులకు రెండు కోటింగుల ఎనామిల్ పెయింట్ వేయాలి, నీళ్లు ఎక్కేది అంచుల నుంచే. వెనక ప్రతి 2 అడుగులకు ఇనుప యాంగిల్ ఆధారం ఉండాలి, దూరం పెరిగితే బోర్డు ఊగి బంతి చచ్చిపోతుంది. బోల్టు తలలు చెక్కలోకి దిగి ఉండాలి, పైకి తేలితే మోకాళ్లు చీరుకుపోతాయి. నేలకూ బోర్డుకూ మధ్య అర అంగుళం వదలాలి. నాలుగు మూలల్లో 4 అడుగుల ముక్కను అడ్డంగా, 45 డిగ్రీల్లో బిగించాలి. నిటారు మూలలో బంతి ఇరుక్కొని నలుగురి కాళ్ల తన్నులాటగా మారుతుంది, గాయాలన్నీ అక్కడే.

బూట్లు పొట్టి రబ్బరు మొటిమలున్న టర్ఫ్ రకమే. పొడుగు స్టడ్స్ పచ్చికలో దిగబడి, పాదం ఆగిపోయి, మోకాలు తిరుగుతుంది. గోడ ఆటలో ఒక్కసారిగా మలుపు తిరగడం ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మే నెలలో మన వైపు ఎండ 40 దాటాక, నల్ల రబ్బరు రేణువులు నింపిన టర్ఫ్ గాలికన్నా చాలా వేడెక్కుతుంది. పొద్దుగూకిన గంటకు ముందు స్లాట్ తీసుకోకపోవడమే మంచిది. చలికాలం పొద్దున మంచు పడితే బంతి జారుతుంది, అదే తడి బోర్డుకు తగిలితే వేగం పెరిగి తిరిగొస్తుంది. ఆ రోజు గోడ పాస్‌లు మామూలుకన్నా మెల్లగా కొట్టాలి.